పాస్టరు గారి పెన్సిలు రాతలు

ఆరేళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. నన్ను చూసినవాళ్లు నమ్మరు, ఎందుకంటే నేను సంతోషంగానే ఉంటాను. నటన కాదు. నంద్యాల కాలేజీలో లైబ్రేరియను పని నాకు ఇష్టం. ఆదివారం ఆళ్లగడ్డ బస్సెక్కి మా ఊరి చర్చికి వెళ్లడం ఇంకా ఇష్టం. ఆ రెండో ఇష్టం ఎలా మొదలైందో ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతాను.

కర్నూలు రాజధాని అయిన మరుసటి ఏడు మద్రాసులో లైబ్రరీ చదువు ముగించి ఈ ఉద్యోగంలో చేరాను. అప్పటికే చర్చి మానేశాను. దేవుడి పుస్తకాలు ఏ నంబరు కింద పెట్టాలో తెలుసు, అంతకుమించి ఆయనతో నాకు పని లేదనుకునేవాణ్ణి.

ఆ ఏడే మా ఆళ్లగడ్డ చర్చి పాస్టరు గారు పోయారు. నాకు బాప్తిస్మం ఇచ్చింది ఆయనే. ఆయన భార్యను మేమంతా పాస్టరమ్మ అంటాం. ఆయన చదువుకున్న లావుపాటి బైబిలు వాక్య వివరణ పుస్తకాన్ని ఆమె మా లైబ్రరీకి ఇచ్చేసింది. అంచుల నిండా పెన్సిలు రాతలు.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. దానంగా వచ్చిన పుస్తకంలో పెన్సిలు గీతలుంటే రబ్బరుతో తుడిచి, ఆ తర్వాతే ముద్ర వేయాలి. కానీ ఇవి ఉత్త గీతలు కావని తిరగేయగానే తెలిసింది. ప్రార్థనలు. ఎవరి కోసమో పేర్లతో సహా. ఒకచోట నా పేరుంది. ‘మద్రాసు పోయి నిన్ను మరిచాడు. వాణ్ణి వదలొద్దు ప్రభువా.’

ముఖం మండింది. కాలేజీలో ఎవరైనా చదివితే? నా పేరున్న చోటు తుడిచేశాను. అది ఒక్కటే తెల్లగా, వేరుగా కనిపించింది. అందుకని ఆ పుటంతా తుడిచాను. ఆ తర్వాత పుస్తకమంతా. పద్ధతి ప్రకారమే చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. పద్ధతి కోసమే అయితే ఒక్కో ప్రార్థనా చదివి మరీ ఎందుకు తుడిచాను?

కొన్నాళ్లకు పాస్టరమ్మ బస్సు దిగి నేరుగా లైబ్రరీకి వచ్చింది.

“ఏమప్పా, బాగుండావా? మద్రాసు కూడు నీ ఒంటికి పట్టినట్టు లేదే!”

నవ్వాను. కుర్చీ వేశాను.

“ఆయన ఎప్పుడు చూసినా ఆ పుస్తకంలో ఏందో రాసుకుంటాండె. అడిగితే చెప్పేటోడు కాదు. నాకు కండ్లు ఆనవు. రోంత చదివి చెప్పు నాయనా.”

పుస్తకం తెచ్చి ఆమె ముందే పుటలు తిప్పాను.

“ఈడ ఏం రాసిలేదమ్మా.”

“యాడా లేదా?”

“యాడా లేదు.”

ఆమె పుస్తకాన్ని నా వైపు జరిపింది. “అయితే నాకే మతి తప్పుతాండాదేమో. నీ పని చెడగొడితిని. ఏమనుకోవాకప్పా.”

ఊరికి వెళ్లి, నేను పనులన్నీ మానుకుని పుట పుటా వెతికానని అందరికీ చెప్పింది. ఆ పొగడ్త భరించలేక, నిజం చెప్పేద్దామని ఒక ఆదివారం చర్చికి వెళ్లాను. చెప్పలేదు. మరో ఆదివారం వెళ్లాను. అలా చెప్పడానికి వెళ్తూ, చెప్పకుండా తిరిగొస్తూ, ఎప్పుడో పాటలో గొంతు కలిపాను, ఎప్పుడో కళ్లు మూసుకుని నిజంగానే ప్రార్థించాను. అబద్ధం లాక్కొచ్చిన విశ్వాసం విశ్వాసమేనా? నన్ను వదలొద్దని పాస్టరు గారు అడిగినదానికి ఇదే జవాబా, లేక అలా అనుకోవడం నాకు వీలుగా ఉందా? తెలియదు. ప్రార్థించాక మనసు కుదుటపడుతుందని మాత్రం తెలుసు.

ఒకసారి చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. దారి తప్పడం చెప్పాను, తిరిగి రావడం చెప్పాను, పుస్తకం సంగతి దాటేశాను. ముందు వరుసలోంచి అందరికంటే గట్టిగా ‘ఆమెన్’ అన్నది పాస్టరమ్మే.

ఈ వేసవిలో ఆమె పోయింది. ఇక నన్ను క్షమించగలవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. తుడిచినవాటిలో చాలా మరిచిపోయాను, ఒకటి తప్ప. అది ఆమె గురించి. ‘నా కోపమంతా ఓర్చుకుంది. ఎదురుగా ఒక్క మంచి మాట అనలేకపోయాను. నువ్వైనా ఆమెకు చెప్పు ప్రభువా.’

ఆ రోజు ఆమె నా ఎదురుగా కూర్చుని అడుగుతున్నప్పుడు ఆ మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. నేను చెబితే సరిపోయేది. చెప్పలేదు.

ఇప్పుడు, వినాల్సిన ఆమె పోయాక, ఆ మాట ఇక్కడ మీకు రాశాను.