ముందు దిగిన గంప

ముందే చెప్పేస్తున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. మా ఆవిడ నా మాటల్లో సగం తీసేసి వింటుంది. మీరు ముప్పాతిక తీసేయండి.

2023. విశాఖ బీచ్ రోడ్డులో ఒక హోటల్లో మత్స్యశాస్త్ర సదస్సు. హాల్లో ఏసీ ఎంత చల్లగా ఉందంటే, పోస్టర్ల బదులు వంజరం చేపలు వేలాడదీసినా మూడు రోజులూ పాడవ్వవు. నా మెడలో తలుపంత బ్యాడ్జి, దాని మీద ‘మెంటర్’ అని. అంటే పరిశోధనలోకి కొత్తగా వచ్చినవాళ్లకు దారి చూపే పెద్దమనిషి. నా వంతుకు వచ్చింది మా ల్యాబ్‌లోని లావణ్యే. చీపురుపల్లి దగ్గర రైతుల పిల్ల. ఆమె ఫెలోషిప్ ఆ నెలాఖరుతో సరి. కొచ్చి నుంచి వస్తున్న ఒక మేడమ్ తన ల్యాబ్‌లోకి ఒక్కరిని తీసుకుంటారని తెలిసి, ఆశంతా సదస్సులో పెట్టే తన పరిశోధన పోస్టర్ మీదే పెట్టుకుంది.

ఆమె పని, బోట్లలో ఐసు కొత్త పద్ధతిలో పేరిస్తే చేపలు ఎక్కువ రోజులు తాజాగా ఉంటాయా అని చూడటం. ఆరు నెలలు తెల్లవారకుండానే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లి శాంపిల్స్ తెచ్చాం. బోటు నుంచి ముందు దిగిన గంపలోంచే తీసుకుని వచ్చేద్దామన్న సలహా నాది. ఆలస్యమైతే నా ఇడ్లీ చల్లారిపోతుంది. ఫలితాలు మాత్రం అద్భుతం. బ్యాక్టీరియాను బతిమాలి వెతకాల్సి వచ్చింది.

నాదొక నియమం ఉంది. సదస్సుకు ముందు రోజు పోస్టర్‌ను సైన్సు చదవనివారికి చెప్పి ఒప్పించాలి. అలా ఆ ముందు రోజు సాయంత్రం హార్బర్‌లో వలల కుప్ప మీద పోస్టర్ పరిచి, బోటు నడిపే సరంగు నూకరాజుకు లావణ్య అంతా వివరించింది. అతను వల అల్లుతూనే విన్నాడు.

“ఏ గంపలోయి తీసారమ్మా?”

“ముందు దింపినవే, బాబాయ్.”

“అయి నిన్నటి ఏటవి కదేటి. పది రోజులు ఏటకెల్తే తొలిరోజు సేపలు అడుగునుంటాయి, ఆకర్న దిగుతాయి. నిన్నటి సేప ఐసు ఎలా పేర్సినా బాగానే ఉంటాది.”

ఆరు నెలల పని. అప్పుడు నేను హార్బర్‌లోని గద్దలన్నీ వినేలా, “ఉన్నదున్నట్టు రాయమ్మా” అన్నాను.

మర్నాడు పోస్టర్ కింద మార్కర్‌తో రాసిన రెండు వాక్యాలున్నాయి: ఈ చేపలన్నీ చివరి రోజు వేటవి. కాబట్టి ఈ పద్ధతి పనిచేస్తుందని ఇంకా చెప్పలేం.

కొచ్చి మేడమ్ దాని ముందు ఒక యుగం నిలబడ్డారు. గడియారంలో అయిదు నిమిషాలే. ఈ తప్పు ఎవరు పట్టారని అడిగారు. లావణ్య సరంగు పేరు చెప్పింది. మళ్లీ చేస్తే ఎలా చేస్తావన్నారు. మొదటి, నడిమి, ఆఖరి గంపల్లోంచి తీసి, ఏది ఏ రోజు వేటో సరంగును అడిగి రాసుకుంటానంది.

ఆ ఉద్యోగం వేరొకరికి వెళ్లింది. కానీ ఆ పని సరిగ్గా మళ్లీ చేయడానికి మేడమ్ లావణ్యను ఆరు నెలలు తన ప్రాజెక్టులో పెట్టుకున్నారు.

ఇక కల్పించింది ఏదో చెప్పాలి. ఏసీ, బ్యాడ్జి, గద్దలు మీరే తీసేసి ఉంటారు. ‘ఉన్నదున్నట్టు రాయమ్మా’ అన్నానన్నానే, అదీ తీసేయండి. నేనన్నది, “ఎవరూ అడగర్లే, ఊరుకో” అని. ఆమె పోస్టర్ చుట్టుకుని, గేటు బయట కొట్టు దగ్గర ఆగి మార్కర్ కొనుక్కుంది.

ఇప్పుడు నేనూ ఆఖరి గంప దిగేదాకా నిలబడుతున్నాను. ఇడ్లీ రోజూ చల్లారుతోంది.