గుడ్డ కింది కంప్యూటర్

జనగామలో టైపు నేర్పే రాచకొండ లింగమూర్తి, టైపుమిషన్ల కాలం పోయిందని 2002లో ఓ కంప్యూటర్ కొని బోర్డు మార్చాడు. తాను మాత్రం మారలేదు. గది బయట చెప్పులు విడవాలి, కంప్యూటర్‌కు ఎర్ర గుడ్డ కప్పాలి, దసరాకు బొట్టు పెట్టాలి. ముట్టుకుంటే పాడవుతుందని అందరికీ చెప్పేవాడు. ముట్టుకోవడం తనకు రాదని మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అందుకే ఏళ్ల తరబడి కంప్యూటర్ చరిత్ర బోధించాడు. గదినిండా గాజు వాల్వులతో వేడెక్కిన మొదటి మిషన్లు, తర్వాత ట్రాన్సిస్టర్లు, ఆ తర్వాత గోరంత చిప్పు, అన్నీ నల్లబల్ల మీదే. 2011 సకల జనుల సమ్మెలో భూపాలపల్లి బొగ్గు ఆగి కరెంటు పోతే, మిషన్ నడిపి చూపమనేవాళ్లు లేక ఆయన పంట పండింది.

సమ్మె ముగిసి కరెంటొచ్చాక, లింగాల ఘనపూర్ నుంచి నేర్చుకోవడానికి వచ్చే జమున నిలదీసింది. "గదంత ఉన్న మిషన్ బల్ల మీదికొచ్చిందంటిరి. గుడ్డ కిందికెల్లి బయటికెప్పుడొస్తది సార్?"

"తెలంగాణ వచ్చినంక తీద్దాం బిడ్డా," అన్నాడాయన, ఎలాగూ రాదన్న ధీమాతో.

తెలంగాణ వచ్చింది. మిఠాయి పొట్లంతో వచ్చిన జమున గుడ్డ లాగేసింది. ఏ మీట నొక్కాలో తెలియని లింగమూర్తి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నువ్వే ఒత్తు బిడ్డా. చరిత్ర నీ చేతుల మీదుగ జరగాలె."

జమున నొక్కింది. ఏళ్లుగా వాడకపోవడంతో లోపలి గడియారం బ్యాటరీ చచ్చిన మిషన్ గుర్రుమని లేచి, ఆ రోజు 2002 జనవరి ఒకటి అని చూపించింది.

లింగమూర్తి రొమ్ము విరుచుకున్నాడు. "చూసినవా? గిది గూడ చరిత్రే చెప్తున్నది."