సమాధుల తోట గోడ

మా సమాధుల తోట చుట్టూ గోడ ఉంది. ఆ గోడను నేను ఏళ్లుగా మోస్తున్నాను. ప్రార్థనలో చెప్పలేదు. చర్చి అయ్యగారికి చెప్పలేదు. కడుపున పుట్టిన పిల్లలకు చెప్పలేదు. నెలనెలా ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకున్నాను, ద్రాక్షరసం తాగాను, మూతి తుడుచుకుని ఇంటికొచ్చి చేపల పులుసు వండుకుని తిన్నాను. పులుసు రుచిగానే ఉండేది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనవసరం లేదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. నన్ను క్షమించమని మాత్రం అడగడం లేదు. క్షమించాల్సింది మీరు కాదు.

మాది విడవలూరు దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఊరు. ఊరికి ఎడంగా మా వాడ. వాడలో అందరం క్రైస్తవులమే. మా తాతల శవాలను ఊళ్లోవాళ్లు తమ శ్మశానం దారిన కూడా పోనివ్వలేదని, ఎవరికీ పనికిరాని ఈ చవిటి నేలను సమాధులకు దక్కించుకోవడానికి మావాళ్లు ఎన్ని కాళ్లు పట్టుకున్నారోనని మా నాన్న చెప్పేవాడు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే చేశాను. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత మీరు కనిపెట్టి ఆశ్చర్యపోయే శ్రమ ఉండదు.

మా వైపు వరి పొలాలు రొయ్యల గుంటలయ్యాయి. రొయ్యలు ఒలిచి పెట్టెలకెక్కించే కంపెనీలు వచ్చాయి. పొద్దస్తమానం ఐసు నీళ్లలో చేతులు పెట్టి నిలబడే ఆ పని మా పిల్లలకు నచ్చలేదు. వాళ్లు మద్రాసు రైలెక్కారు. ఆ పనికి ఒరిస్సా కొండల నుంచి జనం వచ్చారు. చిన్న కళ్లు, చప్పిడి ముక్కులు, తలకు ఆవనూనె. మేం వాళ్లను పేర్లతో పిలవలేదు. అందరూ మాకు 'హిందీవాళ్లే', వాళ్లు మాట్లాడేది హిందీ కాదని తెలిసినా సరే. నేను పెరట్లో రేకుల గదులు వేయించి వాళ్లకే అద్దెకిచ్చాను. వాళ్లు వండుకుంటుంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నడిచేదాన్ని, వాళ్లు చూసేటట్టు.

వాళ్లలో చాలామంది క్రైస్తవులు. ఆదివారం చర్చికి వచ్చారు. మొదట్లో మేం సంబరపడ్డాం. వెనక చాప పరిచి కూర్చోబెట్టాం. కొన్నాళ్లకు చాప చాలలేదు, ముందుకు జరిగారు. ఒక ఆదివారం తల తిప్పి చూస్తే మావాళ్లకన్నా వాళ్లే ఎక్కువ ఉన్నారు. ఆరోజు అయ్యగారు వాళ్ల భాషలో ఒక పాట పాడించారు. ఆ పాట నాకు బాగుంది. అదే నాకు ఒళ్లు మండించింది. స్త్రీల సమాజానికి పెద్దను నేను. మా ఆడవాళ్లు పాడుతుంటే సగం గొంతులు బయటికే రావు.

వాళ్ల ఆడపిల్లల్లో ఎవరో ఒకరు ఎప్పుడూ కడుపుతో ఉండేవాళ్లు. మా వాడలో ఉయ్యాల కట్టి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. కుళాయి దగ్గర నేనే అన్నాను, గుంటలో రొయ్యపిల్లల్లాగా పెరుగుతుండారు, ఇంక మనం వీళ్ల గదుల్లో అద్దెకుండాల్సిందే అని. అందరూ పడీపడీ నవ్వారు. వాడలో నా నోటికి పేరుంది. ఇంటికొచ్చాక కూడా ఆ నవ్వు తలచుకుని మురిసిపోయాను.

నా గదుల్లో చివరిదాంట్లో సబిత, దాని మొగుడు ఉండేవాళ్లు. సబితకు మగబిడ్డ పుట్టాడు. పురిటి వాసన పోకముందే బిడ్డకు జ్వరం వచ్చింది. నెల్లూరు ఆస్పత్రికి తీసుకెళ్లారు, ఒళ్లో పెట్టుకుని వెనక్కి తెచ్చారు. అయ్యగారు ఊళ్లో లేరు. ఫోన్ చేస్తే, పసిబిడ్డ కదా, మన తోటలో ఒక మూలన పెట్టుకోనివ్వండి అన్నారు. సరేనన్నాను. ఆరోజు నాకు జాలి కలిగింది. దొంగ జాలి కాదు. బిడ్డను చుట్టడానికి నా చీర ఇచ్చాను, అదీ మెత్తటి మంచి చీర. ఇది చెప్పి నన్ను వెనకేసుకు రావడం లేదు. నాకే అంతుబట్టడం లేదు. ఆ చీర బీరువాలోంచి తీసి ఇచ్చింది ఈ చేత్తోనే కదా?

దక్షిణం మూలన, సరుగుడు చెట్ల పక్కన బిడ్డను పూడ్చారు. రెండు సరుగుడు పుల్లలను వల దారంతో కట్టి సిలువ నిలబెట్టారు. కొన్నాళ్లకు సబిత మనిషి చిక్కి సగమైంది. మొగుడు దాన్ని వాళ్ల ఊరికి తీసుకెళ్లిపోయాడు. గొయ్యి తవ్విన అతని స్నేహితులు కూడా వేరే కంపెనీకి మారిపోయారు.

అప్పుడు చర్చి కమిటీ కూర్చుంది. ఈరోజు పసిబిడ్డ, రేపు పెద్దవాళ్లు, ఇట్లా పెట్టుకుంటూ పోతే మనకు చోటు ఎక్కడుంటుందని ఎవరో మొదలుపెట్టారు. ఎవరో అంటున్నాను, చూశారా? నేనే. వాళ్ల శవానికి ఇక్కడ మట్టి ఇచ్చాక ఇది వాళ్ల ఊరే అయిపోతుంది, వాళ్లను ఇంక కదపలేం అని కూడా అన్నాను. తోట చుట్టూ గోడ కట్టాలని, మావాళ్లను తప్ప లోపల ఎవరినీ పెట్టకూడదని నిర్ణయించారు. ఇంటి దగ్గర ఖాళీగా ఉండేదాన్ని గనక పని దగ్గర నిలబడి చూసుకునే బాధ్యత నాకిచ్చారు.

మేస్త్రి బయటి ఊరివాడు, చెల్లెలిని మా వాడకే ఇచ్చినా మా సంగతులేవీ తెలియవు. మూలన చెట్లు కొట్టించి, గోడ వచ్చే చోట గుర్తుకు దారం కట్టాడు. దారం ఆ చిన్న మట్టిదిబ్బకు అవతల నుంచి పోయింది. అలాగే కడితే బిడ్డ గోడ లోపల ఉండేవాడు. ఎవరికీ ఏ అడ్డమూ లేదు. నేను దారం ఇవతలికి లాగమన్నాను. అక్కడ వాననీళ్లు నిలుస్తాయని చెప్పాను. అతను లాగాడు. దారం సరిగ్గా దిబ్బ మీదికి వచ్చింది. అతను పుల్లల సిలువ చూసి ఇదేందమ్మా అని అడిగాడు. పిల్లోళ్లు కుక్కపిల్లని పూడ్చినట్టుండారు అన్నాను.

కుక్కపిల్ల. ఆ మాట కోసం నేను వెతుక్కోలేదు. తడబడలేదు. అడగ్గానే వచ్చేసింది, ఎప్పటినుంచో అక్కడే కూర్చుని ఉన్నట్టు. సిలువను నా చేత్తోనే పీకి కొట్టేసిన కొమ్మల కుప్పలో పడేశాను. వాళ్లు పునాదికి లోతు తక్కువ కాలవ తవ్వి, అడుగు మట్టిని దిమ్మిసతో దబదబా కొట్టి గట్టిపరిచి, పైన రాళ్లు పేర్చారు. నేను గొడుగు వేసుకుని చూస్తూ నిలబడ్డాను. అందరికీ టీ తెప్పించాను. ఒకే ఒక్క సమాధి ఉన్నా చాలు, రెండోదాన్ని అడగడానికి వాళ్లకు దారి దొరుకుతుంది. ఆ ఒక్కటి కూడా లేకుండా చేశాను.

ఎందుకు చేశాను? ఈమధ్య ఫోన్‌లో ఎవరో పెద్దమనిషి మాట్లాడుతుంటే విన్నాను. ఎక్కువమంది ఉన్నవాళ్లకు తాము తక్కువైపోతామేమోనని లోపల బెదురు ఉంటుందట, పరాయివాళ్ల మీద అసహ్యం అక్కడే పుడుతుందట. వినగానే ప్రాణం లేచొచ్చింది. పాపం, నేను భయపడ్డ మనిషిని అన్నమాట, చెడ్డదాన్ని కాదు అనుకున్నాను. ఆ సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. భయపడినదాన్నే అయితే సిలువ పీకేటప్పుడు చేయి వణకాలి కదా? టీ ఎలా తెప్పించాను? తగ్గిపోతున్నామన్న బెంగ నాకు లేదని చెప్పను. ఖాళీ ఉయ్యాలలు నిజం, చర్చిలో తల తిప్పి చూసుకున్నది నిజం. కానీ మా చర్చికి స్లాబు వేసినప్పుడు ఊళ్లోవాళ్లు మమ్మల్ని చూసి, వీళ్లు పెరిగిపోతుండారు అనే అన్నారు. భూములు వాళ్లవి, గుంటలు వాళ్లవి, మాకు కూలి ఇచ్చేది వాళ్లు. వాళ్లకు మా నుంచి ఏం భయం? అప్పుడు ఆ మాటకు కుళ్లి కుళ్లి ఏడ్చిన నేనే, అదే మాట కుళాయి దగ్గర అన్నాను.

నిజం చెప్పమంటారా? నాకు బాగుంది. ఇక్కడ నీకు చోటు లేదని మా తాతలకు చెప్పారు, మా నాన్నకు చెప్పారు, బడిలో మంచినీళ్ల బిందె దగ్గర నాకు చెప్పారు. అదే మాట ఇంకొకరికి చెప్పే అవకాశం నాకు రావడం అదే మొదటిసారి. దాన్ని నేను వదులుకోలేదు. తలుపు తీసింది భయమే కావచ్చు, కాదనను. లోపలికి నడిచింది నేను, ఇష్టంగా, ఎవరూ తోయకుండానే. ఆ పెద్దమనిషి ఈ సంగతి చెప్పలేదు, ఆయనకు తెలియదేమో.

మరుసటి ఏడాది ఈస్టరుకు సబిత తిరిగొచ్చింది. ఈస్టరు నాడు తెల్లారేసరికి అందరం సమాధుల తోటకు పోతాం. ముందురోజే సమాధులకు సున్నం కొట్టి ఉంచుతాం. బంతిపూలు, కొవ్వొత్తులు, పాటలు. నేను మా ఆయన సమాధి మీద పూలు సర్దుతున్నాను. సబిత దక్షిణం మూలకు పోవడం చూశాను. గోడ మీద అరచేయి ఆనించి ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచింది. మళ్లీ వెనక్కి నడిచింది. తర్వాత నా దగ్గరికి వచ్చింది. చేతిలో కొవ్వొత్తులు, చిన్న బంతిపూల దండ.

"అమ్మా, నా బాబు ఎక్కడ?"

"పెట్టిన చోటు నీకు తెలీదా?"

"అక్కడ చెట్టు ఉండింది. ఇప్పుడు చెట్టు లేదు, గోడ ఉంది. బాబు ఎక్కడమ్మా?"

చుట్టూ మావాళ్లు. మేస్త్రి చెల్లెలు మా వాడ కోడలే, ఆమె కూడా అక్కడే ఉంది. సబిత ఇంకొకరిని అడుగుతుందేమోనని నాకు చెమట పట్టింది. ఇదిగో, భయమంటే ఇది. నిజమైన భయం నాకు అప్పుడు వచ్చింది, నా పరువు కోసం.

"గోడ కట్టేటప్పుడు తీసి ఈడ పెట్టినాంలే."

"ఈడ అంటే ఎక్కడ?"

"ఇదో, మా ఆయన పక్కన."

మా ఆయన సమాధి పక్కన కొంచెం నేల ఖాళీగా ఉంది. అది నాకోసం ఉంచుకున్నది. చూపించడానికి నాకు ఇంకో ఖాళీ చోటు కనపడలేదు. అంతకు మించి ఏమీ లేదు.

"మీ జాగాలోనా?" అంది సబిత.

"అవును."

అది వంగి నా కాళ్లకు దండం పెట్టింది. ఖాళీ నేల మీద దండ పరిచి, కొవ్వొత్తులు వెలిగించి, నేల మీద చెంప ఆనించి దానియేలూ దానియేలూ అని పిలిచింది. బిడ్డ పేరు నాకు అప్పుడే తెలిసింది. లేచి మా ఆయన సమాధి వైపు చూసి కళ్లు తుడుచుకుంది.

"బాబు ఒక్కడే లేడు," అంది. "తాత ఉన్నాడు."

సబిత అందరికీ చెప్పుకుంది. తర్వాతి ఆదివారం అయ్యగారు ప్రసంగంలో నా మాట ఎత్తారు. పరాయి బిడ్డకు తన చోటు ఇచ్చిన తల్లి అన్నారు. ఆడవాళ్లు కళ్లొత్తుకున్నారు. గోడ దగ్గర ఏం జరిగిందో కమిటీలో ఒకరిద్దరు ఊహించే ఉంటారు, నోరు మెదపలేదు. నేను తల వంచుకుని కూర్చున్నాను. అది కూడా అణకువ అనుకున్నారు.

సబిత మళ్లీ కంపెనీ పనిలో చేరింది. ఇప్పుడు మా పక్క వీధిలో ఉంటోంది. ఒక ఆడపిల్ల పుట్టింది, నన్ను నానమ్మా అని పిలుస్తుంది. సెలవు దొరికినప్పుడల్లా తల్లీకూతుళ్లు తోటకు పోయి ఆ ఖాళీ నేలను ఊడుస్తారు. ఒడ్డు నుంచి గవ్వలు ఏరుకొచ్చి చుట్టూ పేర్చారు. పండగకు సున్నం కొట్టేటప్పుడు మా ఆయన సమాధికి కూడా వాళ్లే కొడతారు. నేను గుమ్మంలో కూర్చుని ఆ పిల్లకు జంతికలు పెడతాను.

నాకు గుండె జబ్బు. ఎక్కువ రోజులు ఉండనని డాక్టరు నా పిల్లలతో చెప్పాడు, వాళ్లు నాకు చెప్పకుండా దాచారు, నేను గ్రహించాను. మొన్న సబిత నన్ను చూడటానికి వచ్చి మంచం పక్కన కింద కూర్చుంది. పాదాలకు నూనె రాస్తూ, "అమ్మా, మీరు అక్కడికి వచ్చేటప్పుడు బాబును కదపొద్దని మీ పిల్లలకు చెప్పండి. పక్కనే ఉంచుకోండి. మీరు ఉంటే నాకు భయం లేదు" అంది.

సరే తల్లీ అన్నాను.

నన్ను పెట్టడానికి అక్కడే తవ్వుతారు. సబిత అందరికన్నా ముందు వచ్చి నిలబడుతుంది, బిడ్డకు పార తగలకుండా చూసుకోవడానికి. చవిటి మట్టి తప్ప ఏమీ రాదు. నా చీర ముక్క కోసం మట్టిని చేతులతో జల్లిస్తుంది. ఎక్కడమ్మా అని నన్ను అడగడానికి ఉండదు, నేను పెట్టెలో పడుకుని ఉంటాను. చివరికి ఈ వెతుకులాట కూడా దానికి నేనే చేసిపెట్టాను. ఇప్పుడు లేచి నాలుగడుగులు వేస్తే దాని ఇల్లు వస్తుంది. కూతురికి అన్నం పెడుతూ ఉంటుంది. వెళ్లి చెప్పొచ్చు. వెళ్లను. నా సంగతి నాకు తెలుసు.

ఇంత రాసేసరికి ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఆ తేలిక నాకే, సబితకు కాదు. అయినా ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పి ఆపేస్తాను. బిడ్డ పేరు దానియేలు. మా ఆయన పక్కన లేడు. దక్షిణం మూలన, గోడ కింద ఉన్నాడు. కుక్కపిల్ల కాదు.