శని ఉంగరం చూసొచ్చిన సాయంత్రం

సూరత్‌లో ఉన్న మా తెలంగాణ చుట్టాలంతా ఈ కథ ఒకే తీరుగా చెప్తారు: "అందరూ శని వదలాలని గుడికి పోతే, ఈమె శనిని చూడాలని క్లబ్బులో చేరింది. మొదటి రోజే కొట్లాట పెట్టుకుంది. మూతికి మాస్కు కట్టినా నోరు ఆగలే." చేరిన మాట నిజం. కొట్లాట అబద్ధం. నాకు కనిపించలేదు అన్నాను, అంతే. కనిపించనిదాన్ని కనిపించలేదనడం కొట్లాట ఎట్లయితది?

నేను బీఎస్సీ చదివాను, ఇంట్లో ట్యూషన్లు చెప్తాను. ఏళ్ల తరబడి పిల్లలకు ఒక గుండ్రం, దాని చుట్టూ ఉంగరం గీసి "ఇది శనిగ్రహం" అని చెప్పినదాన్ని. లాక్‌డౌన్‌లో ఫోన్ ముందు కూర్చుని అదే బొమ్మ గీస్తుంటే ఒకరోజు చిరాకేసింది. ఎవరో గీసిన బొమ్మ చూసి నేను గీయడమేంది? అసలుదాన్ని ఒక్కసారి నా కళ్లతో చూడాలి. ఊళ్లో టెలిస్కోపులతో ఆకాశం చూసేవాళ్ల క్లబ్బు ఒకటుందని తెలిసి పేరు రాయించుకున్నాను. "నువ్వొక్కదానివే పోతే వాళ్ల గతేంగావాలె" అని మా ఆయన కూడా చేరాడు.

రెండో వేవ్ తగ్గి, వానలు పోయి, కాస్త చలి మొదలైన రోజులు. డుమస్ రోడ్డు పక్కన ఖాళీ జాగాలో పొద్దుగూకగానే టెలిస్కోపు పెట్టారు. క్లబ్బు పెద్ద ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, గుజరాతీ. అందరూ సాహెబ్ అంటారు. ఎవరూ మాస్కు తీయొద్దన్నది ఆయన నియమం. నేను ఎదురు చెప్పలేదు. ఆ ఎండాకాలమే మా ఆయన ఊపిరాడక పడ్డ అవస్థ పక్కన కూర్చుని చూసినదాన్ని, మాస్కు తీయమని నేనెందుకంటాను?

వరుసలో నిలబడ్డాం. ఒక్కొక్కరే వంగుతున్నారు, "అరె వాహ్!" అంటూ లేస్తున్నారు. నా ముందు మా ఆయన. వంగాడు. "అబ్బ! ఏముందే! ఉంగరం గింత సాఫ్ కనవడ్తది!"

నేను వంగాను. ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు తెల్లటి ఆవిరి. ఇంకేమీ లేదు.

"సాహెబ్, నాకేం కనిపిస్తలేదు" అన్నాను హిందీలో.

"మొదటిసారి కదా బెన్. కన్ను అలవాటు పడాలి." బెన్ అంటే గుజరాతీలో అక్కా అన్నట్టు.

"కన్ను బాగానే ఉంది. గాజుకు ఆవిరి పట్టింది. మాస్కు పైనుంచి ఊపిరి పోయి తగుల్తుంది. కళ్లద్దాలు పెట్టుకునే ఎవరినైనా అడగండి."

"ఇంతమందికి కనిపించింది గదా?"

"అయితే ఉంగరం ఎటు వంగి ఉందో చెప్పమనండి."

ఒకాయన "ఎడమకు" అన్నాడు. ఒకామె "కుడికి" అంది. మా ఆయన "నిటారుగ" అన్నాడు. సాహెబ్ టెలిస్కోపు వైపు చూశాడు, మా వైపు చూశాడు.

"ఏందే, పెద్దమనిషితోని గట్లనేనా మాట్లాడుడు?" అని మా ఆయన నా చెవిలో గునిశాడు.

"నువ్వు జర ఊకో."

సాహెబ్ టెలిస్కోపు దగ్గరికి కాసేపు ఎవరినీ పోనియ్యలేదు. గాజు ఆరింది. చెంగు మడిచి మాస్కు పై అంచు లోపల, ముక్కు మీద కుక్కుకున్నాను. ఊపిరి బిగబట్టి వంగాను.

ఉంది. బొట్టుబిళ్ళంత కూడా లేదు. లేత పసుపు గింజ, దాని చుట్టూ ఉంగరం, రెంటి మధ్య నల్లటి సందు. నేను బోర్డు మీద ఎన్నడూ ఆ సందు సరిగ్గా గీయలేదు. మెల్లగా పక్కకు జారిపోతుంటే సాహెబ్ టెలిస్కోపు జరిపి మళ్లీ తెచ్చి పెట్టాడు. కన్ను తీయకుండా చూస్తూనే ఉన్నాను.

"కనవడ్డదా? ఏమంటలేవేందే?" అని మా ఆయన కంగారుపడ్డాడు.

అందరూ ముక్కుల మీద రుమాళ్లు కుక్కుకుని మళ్లీ వరుస కట్టారు. ఈసారి ఒక్కరూ "వాహ్" అనలేదు. చూసినవాళ్లు చూసినట్టు పక్కకు వెళ్లి నిలబడ్డారు. ఆఖరున సాహెబ్ వంగాడు, చాలాసేపు చూసి లేచాడు. "బెన్, వచ్చే ఆదివారం కూడా రండి" అన్నాడు. కొట్లాడినదాన్ని ఎవరైనా మళ్లీ రమ్మంటారా? ఇప్పటికీ పోతూనే ఉన్నాను. కొత్తవాళ్ల ముక్కు మీద గుడ్డ సరిచేసే పని నాదే.

తిరిగొస్తూ డుమస్ రోడ్డు మీదే టమాటా బజ్జీల బండి దగ్గర ఆగాం, ఇక్కడ భజియా అంటారు. "నిజం చెప్పు, మొదటిసారి ఏం కనవడ్డది నీకు?" అనడిగాను. వేడి భజియా నా చేతిలో పెట్టి "సల్లారుతది, తిను" అన్నాడు.

మా ఆయన రింగ్ రోడ్ మార్కెట్లో చీరలమ్ముతాడు. గిరాకీ ముందు చీర మడత విప్పకముందే "వాహ్" అనడం అలవాటు. అదే అయ్యుంటుందని చాలా రోజులు సరిపెట్టుకున్నాను. కానీ గిరాకీ ముందు ఆయన గొంతు నాకు తెలుసు. ఆ సాయంత్రం అన్న "అబ్బ" ఆ గొంతుతో అన్నది కాదు. ఉత్త ఆవిరిలో, ఆ ఎండాకాలం అందక అల్లాడిన తన ఊపిరి కూడా కలిసిన ఆ తెల్లదనంలో, అంతగా మురిసిపోయేటట్టు ఆయనకేం కనిపించింది?