గ్యాసు వాసన చూసే అక్క

ముక్కు మీద కోపం నాది, ముక్కుతో ఉద్యోగం మా అక్కది. ఈ రెండూ ఒకే ఇంట్లో ఇరవై రెండేళ్లు ఎలా నెట్టుకొచ్చాయని మాత్రం అడక్కండి.

మా అక్క గ్యాసు కంపెనీలో వాసన పరీక్ష చేస్తుంది. నవ్వకండి, అలాంటి ఉద్యోగం ఉంది. గొట్టాల్లో ఇళ్లకు వచ్చే గ్యాసుకు సొంత వాసన ఉండదు. లీకైతే మనిషికి తెలియాలని, కుళ్లిన గుడ్డు కంపు కొట్టే మందొకటి చుక్కల లెక్కన అందులో కలుపుతారు. మందు ఎంత కలిసిందో మిషన్ చెబుతుంది. ఆ కంపు ముక్కుకు అందుతోందా లేదా అన్నది మాత్రం మనిషే చెప్పాలి. ఒక చిన్న పెట్టె ఉంటుంది. దాని మూతి దగ్గర ముక్కు పెట్టి, గ్యాసు వదిలే బిరడా కొద్దికొద్దిగా తిప్పుతూ, కంపు తగలగానే "వచ్చింది" అనాలి. బిరడా ఏ అంకె దగ్గరుందో చూసి రిజిస్టర్లో రాసి సంతకం పెట్టాలి. అంతే పని. వినడానికి ఎంత తేలిక!

ఆ ముక్కు కోసం మా ఇంట్లో ఉన్నన్ని రూల్సు జైల్లో కూడా ఉండవు. ఉల్లిపాయలు వేయించకూడదు. వెల్లుల్లి గడప తొక్కకూడదు. సెంటు, పౌడరు, వాసన సబ్బు పేరెత్తకూడదు. మా బావ సిటీ బస్సు డ్రైవరు. ఆయనకు తలకు ఘుమఘుమలాడే నూనె రాసుకోవడమంటే ప్రాణం. పాపం, డిపోలో రాసుకుని, డ్యూటీ దిగాక డిపో కుళాయి కిందే తల రుద్దుకుని ఇంటికొచ్చేవాడు. తెలియనివాళ్లు చూస్తే రెండో సంసారం ఉందనుకుంటారు. నేను ఇంట్లోనే బట్టలు కుడతాను, వంట కూడా నాదే. పెళ్లెందుకు చేసుకోలేదని మా వీధిలో ఎవరినడిగినా నా నోరు మంచిది కాదంటారు. అదీ నిజమే. ఇరవై రెండేళ్లు చప్పిడి కూడు తిన్న నోరు మంచిగా ఎలా ఉంటుంది?

ఆ ముక్కు పోయిన చలికాలంలో పోయింది. పది రోజులు జలుబు, జ్వరం. జ్వరం తగ్గింది, జలుబు తగ్గింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. ఆ సంగతి ఆవిడకొక్కదానికే తెలుసు. మాకెవరికీ చెప్పలేదు, ఆఫీసులో అసలే చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదంటే, అప్పటికే పని ఆవిడ పీకల మీదికొచ్చి ఉంది. నాలుగేళ్ల కింద ఊరి మురుగునీటి కేంద్రంలో ఒకే ఒక్క ప్లాంటు ఉండేది. మురుగును మూసిన ట్యాంకుల్లో మురగబెట్టి, అందులోంచి పుట్టే గ్యాసును శుభ్రం చేసి, మందు కలిపి, దేశమంతా తిరిగే గొట్టంలోకి నెట్టేవాళ్లు. తర్వాత పాలడెయిరీ పేడ, మార్కెట్ కూరగాయల చెత్త, కబేళా వ్యర్థాలు... చూస్తుండగానే ప్లాంట్లు పదకొండయ్యాయి. ప్రతిదానికీ గొట్టంలో కలిసేచోట ముక్కు పరీక్ష తప్పదు. డివిజన్‌లో ఉన్న మూడు ముక్కుల్లో ఒకాయన రిటైరయ్యాడు, ఇంకొకావిడకు ఉబ్బసం వచ్చింది. కొత్తవాళ్లను తీసుకోలేదు. ఎలక్ట్రానిక్ ముక్కు వస్తోందట. నాలుగేళ్లుగా వస్తూనే ఉంది.

ఆరు నెలలు చూసి, అక్క ఒకసారి ధైర్యం చేసి పెద్దాఫీసరు దగ్గరకు వెళ్లి, తనను ఇంకేదైనా సీటుకు మార్చమని అడిగింది.

"భలేవారే మేడమ్! జ్యూసు ఫ్యాక్టరీ ప్లాంటు వచ్చే వారం మొదలవుతోంది. డివిజనంతా మీ ముక్కు మీదే నడుస్తుంటే మార్చడమేంటి? ఇంకో రెండేళ్లేగా మీకు, ఓపిక పట్టండి" అన్నాడాయన నవ్వుతూ.

ఈవిడ తిరిగొచ్చి మళ్లీ ఆ పెట్టే పట్టుకుంది. ఎప్పుడూ ఏ అంకె దగ్గర కంపు తగులుతుందో ఇరవై రెండేళ్ల అలవాటు మీద తెలుసు కదా, ఆ అంకె రాగానే "వచ్చింది" అనడం అప్పటికే నేర్చుకుంది. ఆరు నెలలుగా అలాగే గడుపుతోంది. జ్యూసు ఫ్యాక్టరీ ప్లాంటు దగ్గరా అదే చేసింది. రిజిస్టర్లో "వాసన స్పష్టం" అని రాసి సంతకం పెట్టింది.

ఆ ప్లాంటులో మురిగేవి నారింజ తొక్కలు. తొక్కల్లో ఉండే నూనె ఆవిరి, గ్యాసును ఎంత శుభ్రం చేసినా ఇంకా మిగిలే ఉంది. ఆ ఘాటు వెనక గుడ్డు కంపు దాక్కుంది. మిషన్ లెక్క ప్రకారం మందు సరిగ్గానే కలిసింది. మనిషి ముక్కుకు అందేది మాత్రం నారింజ వాసన.

ఇక మా ఇంటి సంగతి. మా వీధి గొట్టంలోకి వచ్చేది ఆ ప్లాంటు గ్యాసే. ప్లాంటు మొదలైన పన్నెండో రోజు సాయంత్రం నాలుగింటికి దారపు ఉండలు కొనుక్కుని ఇంటికొచ్చాను. తలుపు తీశానో లేదో గుప్పుమని నారింజ వాసన! నాకు ఒళ్లు మండిపోయింది. మా అక్క కూతురు కాలేజీ నుంచి వచ్చి, గదిలో అద్దం ముందు తల దువ్వుకుంటోంది.

"ఏమే, సెంటు కొట్టావా?"

"లేదు పిన్నీ!"

"లేదంటే ఎవరు కొట్టారే, నేనా? మీ అమ్మ వచ్చే వేళయింది. దాని ఉద్యోగం ఊడగొట్టడానికే పుట్టావా?"

"ఒట్టు పిన్నీ, నా దగ్గర సెంటే లేదు. నేనొచ్చేసరికే ఉంది."

వినే రకమా నేను? కిటికీలన్నీ బార్లా తెరిచాను. బాల్కనీ తలుపు తీశాను. వాసన తొందరగా పోతుందని ఫ్యాను స్విచ్చు మీద చెయ్యి కూడా వేశాను. అంతలో పిల్ల "నువ్వెప్పుడూ ఇంతే" అని ఎదురు మాట్లాడేసరికి, ఆ చెయ్యి స్విచ్చు మీంచి తీసి దాని వీపు మీద వేశాను. ఆ పిల్ల నోరు మూసుకుని ఉంటే ఆ స్విచ్చు వేసేదాన్నే.

కుట్టడానికిచ్చిన ఎవరిదో చీర తీసుకుని, గాలి బయటికి పొయ్యేలా విసురుతూ ఉన్నాను. అక్క వచ్చింది. చెప్పులు విప్పి, సంచి కొక్కానికి తగిలించి, నేరుగా వంటగది గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఇప్పుడు ఇల్లెగిరిపోతుంది అనుకుని నేను తల వంచుకున్నాను. ఏమీ లేదు. "మంచినీళ్లియ్యవే" అంది.

పిల్లకు ఎక్కళ్లేని ఉక్రోషం పొంగుకొచ్చింది. "అమ్మా, ఇంట్లో నారింజ వాసన వస్తోందా లేదా? నేను సెంటు కొట్టానని పిన్ని కొట్టింది. నువ్వే చెప్పు, ఇది సెంటు వాసనేనా?"

"నారింజా?" అంది అక్క. ఆ ఒక్క మాటకే జ్యూసు ఫ్యాక్టరీ తొక్కలు గుర్తొచ్చాయట. ఒక్క ఉదుటున లేచి గోడ దగ్గర గ్యాసు వాల్వు కట్టేసింది. "ఎవరూ స్విచ్చులు ముట్టుకోవద్దు. బయటికి నడవండి" అని అరిచింది. తనొక్కతే ఉండి, సబ్బునీళ్లు కలిపి, పాత బ్రష్షుతో పొయ్యి వెనక రబ్బరు గొట్టానికి పూసి, వాల్వు ఒక్క క్షణం తీసి చూసిందట. వంపు దగ్గర బుడగలు వరసగా లేచాయట. గొట్టం చిట్లి ఉంది. మళ్లీ వాల్వు బిగించి, తడి చేతులతో బయటికొచ్చి, మెట్ల మీద మా పక్కన కూలబడింది.

నాకు కోపం ముందు, భయం తర్వాత. "ముక్కున్నదానివి గుమ్మంలో అంతసేపు కూర్చున్నావు, ఒక్క మాటన్నా అనలేదేంటే?" అని విరుచుకుపడ్డాను.

"నాకు రావట్లేదే" అంది.

"ఏది?"

"ఏదీ. చలికాలం నుంచి ఏదీ రావట్లేదు."

అక్కడే మెట్ల మీద అంతా చెప్పింది. బిరడా అంకె సంగతీ, సంతకాల సంగతీ. నేను చేసిన పాపం ఒకటుంది, అదీ చెప్పాలి. "సరేలే, గొట్టం మార్చేద్దాం. ఆఫీసుకు ఫోన్ చేసి, ఇంట్లో నారింజ వాసన వచ్చిందని చెప్పు. నీ పరీక్ష అయ్యాక తొక్కలు ఎక్కువేశారని చెప్పు. నీ పేరు బయటికి రాదు" అన్నాను. ఎంత చక్కగా అల్లానో! కుట్టుపని చేసేదాన్ని కదా.

అక్క నా ముఖంలోకి చూసింది. "ఆ ఒక్క ప్లాంటు ఆపుతారు. మిగతావాటి సంగతేంటే? ఆరు నెలలుగా అన్నింటికీ నేనేగా సంతకం పెట్టింది?"

"మరి మొదట్లోనే చెప్పొచ్చుగా?"

"ఎలా చెప్పను? బావ డిపోలో తల కడుక్కుని వస్తాడు. ఇది ఎదిగిన పిల్ల, ఒక్క వాసన సబ్బు ఎరగదు. నువ్వు తిట్టుకుంటూ చప్పిడి వండుతావు. అంతా ఈ ముక్కు కోసమేగా. అది లేదని మీకు చెప్పడానికి నాకు నోరు రాలేదు."

పిల్ల ఏడ్చింది. నేను ఏడవలేదు. మేమే ఆవిణ్ణి జైల్లో పెట్టామని అనుకోలేదెప్పుడూ, ఆవిడే మమ్మల్ని జైల్లో పెట్టిందనుకున్నాను.

అక్క వీధి చివరిదాకా నడిచి వెళ్లి ఫోన్ చేసింది. మేమిద్దరం వెనకే వెళ్లాం. "సార్, ముందు జ్యూసు ఫ్యాక్టరీ లైను ఆపించండి. కంపు అందట్లేదు. రెండో సంగతి, నా ముక్కు పనిచెయ్యట్లేదు. చలికాలం నుంచీ. అన్నీ మళ్లీ చూపించండి సార్, అన్నీ." అవతల ఆయన ఏమన్నాడో వినపడలేదు. అక్క మాత్రం మూడుసార్లు "అవును సార్" అంది.

ఆ సాయంత్రమే ప్లాంటు ఆపారు. తొక్కల నూనె పట్టుకునే బొగ్గు ఫిల్టరు బిగించాకే మళ్లీ తెరిచారు. పక్క డివిజన్ నుంచి ఇద్దరొచ్చి మిగతా పదకొండూ మళ్లీ వాసన చూశారు. డెయిరీ దగ్గర కూడా కంపు పల్చగా ఉందట, సరిచేశారు. అక్క మీద విచారణ నడిచింది. ఇన్నేళ్ల సర్వీసు చూసి ఉద్యోగం తియ్యలేదు గానీ, పాత ఫైళ్ల గదిలో కూర్చోబెట్టారు. ఆ గదికి కిటికీ లేదు. ఇంకో రెండేళ్లు అందులోనే. ముక్కు బాగవుతుందో లేదో డాక్టరు చెప్పలేనన్నాడు.

ఇంట్లో రూల్సన్నీ పోయాయి. బావ ఇంట్లోనే నూనె రాసుకుంటున్నాడు. పిల్లకు వాసన సబ్బు నేనే కొనిచ్చాను, ఆ దెబ్బకు బదులుగా. మొన్న ఆదివారం నాలుగు ఉల్లిపాయలు సన్నగా తరిగి, బాణలిలో నూనె కాగాక వేశాను. చుయ్‌మంది. ఇరవై రెండేళ్ల తర్వాత ఆ వాసన! అక్క ఎప్పటిలాగే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"వేగుతున్నాయా?"

"ఊఁ."

"ఎలా ఉందే వాసన? చెప్పు, వింటాను."

ఆ వాసన లేదని ఇన్నేళ్లూ ఆవిణ్ణి ఎన్ని తిట్లు తిట్టుకున్నానో లెక్కలేదు. ఎలా ఉందో చెప్పమంటే ఒక్క మాట పెగల్లేదు. గరిటె పట్టుకుని అలాగే నిలబడి ఏడ్చాను. ఏడ్చి ఏడ్చి నా ముక్కూ మూసుకుపోయింది.

ఉల్లిపాయలు మాడుతున్నాయని ముందు గదిలో ఉన్న బావ కేకేశాడు. పొయ్యి పక్కనే ఉన్న మా ఇద్దరికీ తెలియలేదు.