ఆదివారం దిగిన కంప్రెసర్

భావనారాయణది నందిగామలో హైవే పక్కన టైర్ల షాపు. భార్య నీరజ రెడ్డిగూడెంలో టీచరు. అక్కడే గది అద్దెకు తీసుకుని, ఆదివారాలు మాత్రం వచ్చిపోయేది. ఆమె బదిలీ కోసం ఇద్దరూ ఎదురుచూస్తుండేవారు.

2001లో ఒక ఆదివారం సాయంత్రం, టైర్లకు గాలి పట్టడానికి అతను జగ్గయ్యపేటలో కొన్న సెకండ్‌హ్యాండ్ కంప్రెసర్ షాపు ముందు దిగింది. లారీలో దాన్ని పడుకోబెట్టి తెచ్చారు.

"ఒక్కసారి స్విచ్ వేయండి. చూసి బస్సెక్కుతా," అంది నీరజ.

"పడుకోబెట్టారుగా, ఆయిలు సిలిండర్లోకి పోయుంటుంది. రేపటిదాకా నిలబెట్టే ఉంచాలి. ఇప్పుడేస్తే పాడవుద్ది."

 రెడ్డిగూడెం వెళ్లే దారిలోని మైలవరం బస్సు రాగానే ఆమె ఎక్కి వెళ్లిపోయింది.

మర్నాడు అతను ట్యాంకు కింది కుళాయి విప్పి తుప్పునీళ్లు వదిలేశాడు. తగ్గిన ఆయిలు పోశాడు. కరెంటు ఇవ్వకుండా చక్రాన్ని చేత్తో తిప్పితే, ఎక్కడా పట్టకుండా తిరిగింది. అప్పుడు స్విచ్ వేశాడు. గాలి నిండాక సేఫ్టీ వాల్వు రింగు లాగితే, బుస్సుమని వదిలి మళ్లీ మూసుకుంది. 'చూశావా' అనబోయి పక్కకు తిరిగాడు. అక్కడెవరూ లేరు.

నీరజ బడి నుంచి గదికి చేరే వేళకు, షాపులోంచి ఆమె ఇంటి ఓనర్లకు ఫోన్ చేసి ఆమెను పిలిపించాడు. "ఉండు, విను," అంటూ రిసీవరును ఆడుతున్న కంప్రెసర్ వైపు చాచాడు. కాసేపాగి చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"వినపడిందండి. బాగా ఆడుతోంది. ఇక దాన్నాపి మీరు మాట్లాడండి."

అతను స్విచ్ ఆపాడు.

"ఈసారి శనివారమే వస్తావా?" అన్నాడు.

"బడి అవగానే బయల్దేరతా," అంది నీరజ.