ఫిర్యాది భార్య

అనంతలక్ష్మి ఆర్టీసీ కండక్టరుగా పనిచేసినంత కాలం తెనాలి నుంచి రేపల్లె వెళ్ళే రూటులో ఆమె గొంతు తెలియనివాళ్ళు లేరు. ఆడవాళ్ళ సీట్లో కూర్చుని లేవనన్న మగమనిషి లేచేదాకా ఆమె "రైట్" చెప్పేది కాదు. బస్సు ఆగిపోయేది, వెనక హారన్లు మోగేవి, ఆమె మాత్రం టికెట్ల మిషను పట్టుకుని అతని ముందు నిలబడే ఉండేది. రిటైరై తెనాలిలో ఇంటిపట్టున కూర్చున్నాక, ఇక ఈవిడకి కోపం తెచ్చుకునే పనేం ఉంటుందిలే అనుకున్నారు పిల్లలు. బాపట్లలో జరిగిన బంధువుల సమ్మేళనానికి వెళ్ళి వచ్చాక వాళ్ళ అంచనా తప్పింది.

ఆ సమ్మేళనం పెట్టింది ఆమె బాబాయి కొడుకు బసవేశ్వరరావు. బాపట్లలో చాలాకాలం ప్లీడరు. కల్యాణ మండపంలో గోడ పొడుగునా వంశవృక్షం ఫ్లెక్సీ కట్టించాడు. తర్వాత దాన్నే పుస్తకంగా వేయిస్తానని మైకులో చెప్పాడు. అందరూ తమ పేర్లు వెతుక్కుని ఫోటోలు దిగుతున్నారు. అనంతలక్ష్మి కూడా వెతుక్కుంది. తాత నాగమల్లయ్య, రేపల్లెలో బట్టల వ్యాపారి. ఆయన పక్కన భార్య మహాలక్ష్మి. వాళ్ళ కింద మొదటి కొడుకుగా తన తండ్రి సాంబశివరావు.

ఆమె నేరుగా బసవేశ్వరరావు దగ్గరకు వెళ్ళింది.

"అన్నయ్యా, మా నాన్నని మహాలక్ష్మి నాయనమ్మ కింద రాశారేంటి? ఆయన మొదటావిడ కొడుకు కదా."

"పెంచినావిడే తల్లమ్మా. అలా ఉండనీ."

"కన్నావిడ పేరేంటి?"

"ఎవరికి తెలుసు? తెలిసినా రాయం. పడవవాడితో లేచిపోయిన మనిషిని వంశవృక్షంలో ఎక్కడ పెట్టమంటావ్? ఆవిడ చేసిన పనికి తాతయ్య మూడేళ్ళ పసివాణ్ణి పెట్టుకుని నానా అవస్థా పడి, వాడి కోసం మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మహాలక్ష్మమ్మ దేవత."

చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకరిద్దరు నవ్వారు. అనంతలక్ష్మి తన తండ్రిని చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా "మా అమ్మ చిన్నప్పుడే పోయింది" అని మాట తప్పించేవాడు. తెనాలిలో రైసు మిల్లు గుమాస్తా, నెమ్మదస్తుడు. ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఇన్నాళ్ళూ చనిపోయిందనుకున్న మనిషి గురించి పెళ్ళిభోజనాల దగ్గర చెప్పుకునే వేళాకోళంలా మాట్లాడుతుంటే ఆమెకి తట్టుకోవడం కష్టమైంది. చేతులు కడుక్కునే చోట ఒక ముసలి బంధువు ఆమె చెవిలో, "కోర్టు కేసు కూడా అయిందే అమ్మాయ్. పడవ బాలస్వామి మీద. వాళ్ళవాళ్ళు ఇంకా రేపల్లెలోనే ఉన్నారు" అంది.

ఆ వారంలోనే అనంతలక్ష్మి రేపల్లె వెళ్ళింది. వాకబు చేయగా చేయగా బాలస్వామి మనవరాలు రూబీ దొరికింది. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. వచ్చినావిడ ఫలానా నాగమల్లయ్య మనవరాలని తెలియగానే రూబీ కుర్చీ వెయ్యలేదు.

"మీ ఇంటిపేరు వింటే మా నాన్న కంచం ముందు నుంచి లేచిపోయేవాడండి. మా తాతని జైల్లో పెట్టించారు. పడవ పోయింది. మాకు మిగిలింది కూలిపని. ఇప్పుడు మళ్ళీ ఏంటండీ?"

"మా నాయనమ్మ ఎవరో తెలుసుకోవాలని వచ్చానమ్మా. మావాళ్ళు ఆమె పేరు కూడా లేకుండా చేశారు" అంది అనంతలక్ష్మి. రూబీ కాసేపు ఆమె ముఖంలోకి చూసి, లోపలికి వెళ్ళి కుర్చీ తెచ్చింది.

బాలస్వామికి కాలవ మీద సొంత పడవ ఉండేది. ధాన్యం, వరిగడ్డి మోసేవాడు. ఒకరోజు రేవులో ఒక చిన్నావిడ ఏడుస్తూ పడవెక్కింది. పుట్టింట్లో దింపమంది. దింపాడు. అంతే. నాగమల్లయ్య అతని మీద వ్యభిచారం కేసు పెట్టాడు. కింది కోర్టు శిక్ష వేసింది. పైకోర్టులో అప్పీలు నెగ్గి బయటికి వచ్చేసరికి పడవ అమ్ముకోవాల్సి వచ్చింది. రూబీ ఇంట్లో ఇదంతా కథలా చెప్పుకునేవారు. అప్పీలు తీర్పు నకలు ఒకటి ఇంగ్లీషులో ఉంటే, రూబీ దాన్ని చదివి తెలుగులో చెప్పింది.

తీర్పు నిండా నాగమల్లయ్య పేరుంది, బాలస్వామి పేరుంది, సాక్షి చెప్పిన మంగలి పేరుంది, పక్కింటి కోమటి పేరుంది. ఎవరి గురించి ఇంత గొడవ జరిగిందో ఆ మనిషి మాత్రం మొదటి నుంచి చివరిదాకా "ఫిర్యాది భార్య". ఫిర్యాది భార్య ఇల్లు విడిచెను. ఫిర్యాది భార్య పడవలో కూర్చుండెను.

"ఇదేం న్యాయం రూబీ? ఎక్కడా పేరు లేదేంటి?" అంది అనంతలక్ష్మి.

తెలిసిన లాయరుని అడిగితే సంగతి చెప్పాడు. ఆ సెక్షను మొగుడు పరాయి మగవాడి మీద పెట్టే కేసు. భార్య ముద్దాయి కాదు, ఫిర్యాదీ కాదు. తన సొత్తు ఇంకొకడు ముట్టుకున్నాడని సొంతదారు పెట్టుకున్నట్టుగా ఉండేది. అదే మొగుడు ఇంకొకావిడతో తిరిగితే అతని మీద భార్య కేసు పెట్టడానికి దారి లేదు. సుప్రీంకోర్టు 2018లో కొట్టేసేదాకా ఆ చట్టం అలాగే ఉంది. "అంటే నేను టికెట్లు కొట్టినన్నాళ్ళూ ఉందన్నమాట" అంది అనంతలక్ష్మి.

లాయరే ఇంకో మాట చెప్పాడు. తీర్పులో పేరు లేకపోయినా, కింది కోర్టులో ఆమెని సాక్షిగా పిలిచి ఉంటే వాంగ్మూలం ఉంటుంది. సాక్షి పేరు, తండ్రి పేరు, ఊరు, వయసు రాయకుండా ఏ వాంగ్మూలమూ మొదలవదు. ఆ కాలపు ఆడవాళ్ళకి పుట్టిన తేదీ కాగితాల్లేవు, పొలం దస్తావేజుల్లో పేర్లుండవు. వాళ్ళ పూర్వీకుల్ని వెతుక్కునేవాళ్ళకి ఒక్కోసారి ఇలాంటి కేసులే దిక్కు.

"నోరు తెరవనివ్వకుండా ఇంట్లో కూర్చోబెట్టి, పరువు తీయడానికి మాత్రం పేరు రాయించుకున్నారన్నమాట" అంది అనంతలక్ష్మి.

రూబీ, ఆమె కలిసి దరఖాస్తు పెట్టారు. పాత రికార్డులుండే ఆఫీసులో ఒక మనిషి కాగితం చూసి పళ్ళికిలించాడు. "అక్రమ సంబంధం కేసా? పెద్దావిడ, మీకెందుకమ్మా ఇవన్నీ?"

"ఆమె మా నాయనమ్మండి. నవ్వడం అయిపోతే వెతకండి" అంది అనంతలక్ష్మి, బస్సు చివరి సీటుకి వినిపించే గొంతుతో. అతను తల దించుకుని లోపలికి పోయాడు. కట్టలు పాడైపోయాయని, తర్వాత రమ్మని, చాలాసార్లు తిప్పారు. ప్రతిసారీ ఇద్దరూ వెళ్ళారు. చివరికి నకలు చేతికొచ్చింది.

వాంగ్మూలం తెలుగులో ఉంది. రూబీ చదువుతుంటే అనంతలక్ష్మి ఆమె పక్కనే బల్ల మీద కూర్చుని విన్నది.

"నా పేరు నాంచారమ్మ. తండ్రి వీరరాఘవయ్య. స్వగ్రామం అమృతలూరు. వయసు ఇరవై ఒకటి. ఫిర్యాది నా భర్త. నాకు మూడేళ్ళ మగబిడ్డ. నా భర్త రెండేళ్ళ కిందట మహాలక్ష్మిని పెళ్ళి చేసుకుని ఇంటికి తెచ్చాడు. ఆమెకి చంటిబిడ్డ. నన్ను వెళ్ళిపొమ్మని కొట్టేవారు. ఆ రోజు నా బిడ్డని లాక్కుని తలుపు వేశారు. రేవులో పడవ కనిపిస్తే ఎక్కాను. సరంగుని అంతకుముందు ఎరగను. అతను నన్ను అమ్మా అని పిలిచాడు. దారిలో మజ్జిగ ఇచ్చాడు. మా నాన్న ఇంటి ముందు దింపి వెళ్ళాడు. నా బిడ్డని నాకు ఇప్పించమని ఎవరిని అడగాలో నాకు తెలియదు. ఇక్కడ అడగవచ్చునా?"

దాని కింద వేలిముద్ర. ఆ ప్రశ్నకి జవాబు మాత్రం ఎక్కడా లేదు. తర్వాతి పేజీలో ఇంకో సాక్షి మొదలయ్యాడు.

రూబీ కళ్ళు తుడుచుకుంది. అనంతలక్ష్మి ఏడవలేదు. "రెండేళ్ళ కిందట అని ఉంది చూడు" అంది. "రెండోదాన్ని తెచ్చుకుని, బిడ్డని కని, అప్పుడు మొదటిదాన్ని గెంటాడు. గెంటినవాడే ఫిర్యాది! దింపి పుణ్యం కట్టుకున్నవాడు జైల్లో! వాళ్ళ కథేమో పసివాడి కోసం పెళ్ళాడాడట!"

మర్నాడే బాపట్ల వెళ్ళి, బసవేశ్వరరావు ముందు ఆ నకలు పెట్టింది. ఆయన కళ్ళజోడు పెట్టుకోలేదు.

"నాకు తెలుసమ్మా ఇది. ప్రాక్టీసు మొదలెట్టిన రోజుల్లోనే చూశాను."

"చూశారా? చూసి కూడా అంతమందిలో లేచిపోయిందన్నారా?"

"కోర్టు కొట్టేసిందని ఊరు మర్చిపోతుందా? తెలియనివాళ్ళకి ఒకలా చెప్పాం, అలా నడిచిపోతోంది. పైగా ఇప్పుడు ఈ తేదీలు బయటపెడితే మా నాన్న పుట్టుక గురించి, మా నాయనమ్మ గురించి నలుగురూ ఏమనుకుంటారు?"

"మీ నాయనమ్మ గురించి ఏమీ అనుకోకూడదు. మా నాయనమ్మ గురించి మాత్రం ఏమైనా అనుకోవచ్చు. అంతేనా?"

"అనంతా, నెమ్మదిగా మాట్లాడు. పోనీ, 'ప్రథమ భార్య' అని వేయిస్తాను. పేరొద్దు."

"మళ్ళీ అదేనా? అప్పుడు ఫిర్యాది భార్య, ఇప్పుడు ప్రథమ భార్యా? ఆవిడకి పేరుంది అన్నయ్యా. నాంచారమ్మ. పేరు వెయ్యండి. ఆ పడవ బాలస్వామి మీద కేసు అబద్ధమని కూడా ఒక ముక్క వెయ్యండి. వాళ్ళ కుటుంబం మన వల్ల వీధిన పడింది."

"అలాంటివాళ్ళకి మనం పుస్తకంలో సంజాయిషీ రాయాలా?" అన్నాడు బసవేశ్వరరావు. ఆయన గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. అదే ఆమెని ఎక్కువ మండించింది.

"అయితే మా నాన్న పేరు తీసెయ్యండి. నా పేరు, నా పిల్లల పేర్లు, అన్నీ తీసెయ్యండి. కన్నతల్లి లేని కొమ్మ మాకొద్దు."

ఆయన నిజంగానే తీసేశాడు. పుస్తకం అచ్చయి బంధువులందరికీ పంచారు. కొందరు ఫోను చేసి, పాతవన్నీ తవ్వి ఏం సాధించావని అడిగారు. "మీరు పూడ్చిపెట్టకపోతే నేనెందుకు తవ్వుతానండీ?" అని ప్రతి ఒక్కరికీ అదే బదులిచ్చింది. ఒక్కరు కూడా రూబీ ఇంటికి వెళ్ళి మాట చెప్పలేదు. తనే వెళ్ళి చేతులు పట్టుకుంటే, "కేసు పెట్టింది మీరు కాదుగా అక్కా" అంది రూబీ. "పెట్టిన ఇంట్లో పుట్టానుగా" అంది అనంతలక్ష్మి.

ఆ కాగితాల వల్ల తెలిసిన ఊరు ఒకటి మిగిలింది. సాక్షుల్లో నాంచారమ్మ అన్న కూడా ఉన్నాడు. అతని పేరు పట్టుకుని ఇద్దరూ అమృతలూరు వెళ్ళారు. ఆ అన్న కోడలు మాణిక్యమ్మ ఇంకా ఉంది. ఎనభై దాటినా మాట స్పష్టంగా ఉంది. నాంచారమ్మ మనవరాలు వచ్చిందనగానే లేవబోయి, మంచం పట్టె పట్టుకుని మళ్ళీ కూర్చుండిపోయింది.

"మా నాంచారమ్మత్త పందొమ్మిది వందల డెబ్బై ఎనిమిది దాకా బతికుందమ్మా. ఈ ఇంట్లోనే. నాట్లకి వెళ్ళేది, మాతో సమానంగా వంగి పని చేసేది. మళ్ళీ మనువు మాట ఎవరన్నా ఎత్తితే కొట్టినంత పని చేసేది."

అనంతలక్ష్మి లెక్క వేసుకుంది. అప్పటికి తనకి పదమూడేళ్ళు. తెనాలికీ అమృతలూరుకీ ఎంత దూరం? తర్వాత తను ఉద్యోగం చేసిన రోజుల్లో బస్సులో ఎన్నోసార్లు ఈ ఊరి పక్క నుంచే వెళ్ళింది.

"కొడుకుని మళ్ళీ చూడలేదా అత్తయ్యా ఆవిడ?"

"చూసింది. ఒక్కసారి. నీ పేరేంటన్నావ్?"

"అనంతలక్ష్మి."

"నువ్వు పుట్టావని ఎవరో చెబితే వెళ్ళింది. నేనే వెంట వెళ్ళా. జున్నుపాలు పట్టుకుంది. మిల్లు గేటు దగ్గర నిలబడ్డాం. మీ నాన్న వచ్చాడు. 'నాంచారమ్మని నాయనా, మనవరాలిని ఒకసారి చూసి పోతా' అంది. ఆయన అటూ ఇటూ చూసి, 'మీరెవరో నాకు తెలియదండి' అన్నాడు. అండి అన్నాడమ్మా, కన్నతల్లిని. మా అత్త ఆ పాలు గేటు పక్కన గట్టు మీద పెట్టి వచ్చేసింది."

అనంతలక్ష్మి దగ్గర తాతని తిట్టడానికి మాటలున్నాయి, అన్నయ్యని తిట్టడానికి ఉన్నాయి, ఆ చట్టం రాసినవాళ్ళకి కూడా ఉన్నాయి. తన వేలు పట్టుకుని బడికి తీసుకెళ్ళిన మనిషి గురించి వినాల్సి వస్తుందని ఆమె అనుకోలేదు. రూబీ ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"చిన్నప్పటినుంచి ఏం చెప్పి పెంచారో అక్కా ఆయన్ని."

"ఏం చెప్పి పెంచితే మాత్రం? ముప్పై ఏళ్ళ మగాడు! పాలు తెచ్చిందమ్మా, నా కోసం పాలు తెచ్చింది!" అని అనంతలక్ష్మి గట్టిగా అరిచింది. పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు. మాణిక్యమ్మ ఆమెని అరవనిచ్చింది.

ఇప్పుడు అనంతలక్ష్మి తన పిల్లలకి, మనవలకి వేరే వంశవృక్షం తయారుచేసి ఇచ్చింది. పైన నాంచారమ్మ, వీరరాఘవయ్య కూతురు, అమృతలూరు. ఆ పేరు ఒక్క ఊపులో రాసేసింది. దాని కింద సాంబశివరావు అని రాయడానికి మాత్రం చాలాసేపు పట్టింది. పొద్దున్నే పూజ అయ్యాక తండ్రి ఫోటో ముందు నిలబడి ఇప్పటికీ ఆయనతో పోట్లాడుతుంది. పిల్లలు విననట్టు పక్కగదిలోకి వెళ్ళిపోతారు.